కన్నీళ్లన్నీ దిగులు కావు

పక్షవాతం తర్వాత ఆగని ఏడుపు... రంగూన్‌లోని తల్లిదండ్రుల గురించి, దూరదేశాల్లో ఉన్న పిల్లల కోసం

పక్షవాతంతో చేయి పడిపోతే కనపడుతుంది. మాట తడబడితే వినపడుతుంది. వీటికి ఫిజియోథెరపీ అనో, మాలిష్ అనో ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి చేయిస్తారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక మొదలయ్యే ఇంకో మార్పును మాత్రం చాలా ఇళ్లలో జబ్బు కింద లెక్కవేయరు. అదే ఏడుపు. పక్కింటాయన పలకరిస్తే ఏడుపు. మనవడు ఒళ్లో కూర్చుంటే ఏడుపు. టీవీలో పెళ్లి సీను వస్తే ఏడుపు. ఒక్కోసారి ఏ కారణమూ ఉండదు. ఆపుకుందామన్నా ఆగదు. రెండు నిమిషాలయ్యాక కళ్లు తుడుచుకుని, ఏమీ జరగనట్టు 'టీ పెట్టారా?' అని అడుగుతారు.

చూసేవాళ్లకి గుండె తరుక్కుపోతుంది. 'లోలోపల కుమిలిపోతున్నాడు పాపం' అనుకుంటారు. మలేసియాలోనో, సింగపూర్‌లోనో, గల్ఫ్‌లోనో ఉన్న కొడుక్కి ఫోన్ వెళ్తుంది. 'నాన్న రోజూ నీకోసమే ఏడుస్తున్నాడురా, ఒక్కసారి వచ్చిపో' అంటారు. కొడుకు సెలవు అడుగుతాడు. దొరక్కపోతే పని వదిలేసి టికెట్ కొంటాడు.

ఆ కన్నీళ్లు నిజంగా కొడుకు మీది బెంగే కావచ్చు. కాకపోనూ వచ్చు. స్ట్రోక్‌లో మెదడు దెబ్బతినడం వల్ల, మనసులో అంత బాధ లేకపోయినా ఏడుపు తన్నుకొచ్చే పరిస్థితి ఒకటి ఉంది. దీనికి పేరుంది, పరీక్షించే పద్ధతి ఉంది, మందూ ఉంది. ఏ ఏడుపు ఏదో తేల్చుకోకుండా కంగారు పడితే రోగికీ నష్టమే, కష్టపడి సంపాదిస్తున్న బిడ్డకీ నష్టమే.

రంగంలో మిగిలినవాళ్లు

మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పెద్దలు రంగూన్‌ని 'రంగం' అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లారు కాబట్టి బర్మావాళ్లు మనవాళ్లను 'కొరింగీలు' అన్నారు. రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. 1942లో జపాన్ సేనలు రావడంతో లక్షలమంది భారతీయులు దేశం విడిచారు. చాలామంది కాలినడకనే అడవులు దాటారు. 1962లో జనరల్ నే విన్ గద్దెనెక్కాక, 1964లో వ్యాపారాలను జాతీయం చేశాక మరెందరో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ రాకడకు గుర్తు.

వెళ్లకుండా ఉండిపోయినవాళ్ల పిల్లలూ మనవలూ ఇవాళ యాంగాన్‌లోనూ, బగో, మౌలమ్యైన్ వైపూ ఉన్నారు. పెద్దవాళ్లకు ఇంట్లో తెలుగు, వీధిలో బర్మీస్. చాలా ఇళ్లలో చిన్నవాళ్లకు బర్మీసే ముందు. ఈ రెండు భాషల బతుకు స్ట్రోక్ రోగిని పరీక్షించే చోట పెద్ద అడ్డంకి అవుతుంది. ఎలాగో కాస్త ఆగి చూద్దాం.

బర్మీస్‌లో స్ట్రోక్‌ను 'లేఫ్యా' అంటారు. 'లే' అంటే గాలి. మనం పక్షవాతం అంటాం. అందులో వాతం అన్నా గాలే. రెండు భాషలూ నేరం గాలి మీదే మోపాయి. అసలు సంగతి రక్తనాళంలో ఉంటుంది. మెదడుకు వెళ్లే రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా ఆ భాగానికి రక్తం అందక దెబ్బతింటుంది. బీపీని పట్టించుకోకపోవడం దీనికి అన్నిటికన్నా పెద్ద కారణం. సుగరు, పొగతాగుడు, గుండె దడ ఆ తర్వాతివి. ఉప్పు ఎక్కువుండే ఙపీ, ఎండుచేపలు రోజూ తినే ఊళ్లో బీపీ సంగతి మరింత గట్టిగా చూసుకోవాలి.

వాషరు అరిగిన కుళాయి

ఏడవడం అంటే కళ్లలో నీళ్లు రావడం ఒక్కటే కాదు. మొహం ముడుచుకోవాలి, గొంతు పూడుకుపోవాలి, ఊపిరి ఎగదన్నాలి. ఇవన్నీ ఒకేసారి జరిగేలా చూసే ఏర్పాటు మెదడు కాండంలో ఉంది. ఎక్కడ ఏడవాలి, ఎంత ఏడవాలి, ఎక్కడ ఆపుకోవాలి అని అదుపు చేసే పని మెదడు ముందు భాగానిదీ, చిన్నమెదడుదీ. స్ట్రోక్ వచ్చి ఈ రెంటి మధ్య ఉన్న దారులు తెగితే అదుపు పోతుంది. వాషరు అరిగిన కుళాయిలా ఎవరూ తిప్పకుండానే నీళ్లు కారతాయి. కొందరికి ఏడుపు బదులు నవ్వు వస్తుంది. చావింటికి వెళ్లి పకపకా నవ్వేసి తలవంపులు పడేవాళ్లుంటారు. నవ్వుతో మొదలై ఏడుపులోకి దిగేవాళ్లూ ఉంటారు.

డాక్టర్లు దీన్ని 'ఎమోషనలిజం' అనీ, 'సూడోబల్బార్ ఎఫెక్ట్' అనీ అంటారు. ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు. మెదడు జబ్బుల్లో, పక్షవాతంలో మనిషి తేలిగ్గా ఏడ్చేస్తాడని చార్లెస్ డార్విన్ 1872లోనే రాశాడు. 1924లో కిన్నియర్ విల్సన్ అనే బ్రిటిష్ నరాల డాక్టరు ఈ ఏడుపు, నవ్వుల మీద పెద్ద వ్యాసమే రాశాడు. స్ట్రోక్ వచ్చిన మొదటి ఆరు నెలల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది ఉంటుందని ఇప్పటి అంచనా. చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కొందరికి ఏళ్లపాటు ఉండిపోతుంది.

డిప్రెషన్‌కీ దీనికీ తేడా ఏంటి?

స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ కూడా ఎక్కువే. ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి వస్తుంది. రెండింట్లోనూ కన్నీళ్లుంటాయి కాబట్టి కలగాపులగం చేసేస్తాం. ఈ తేడాలు గమనించండి.

ఎమోషనలిజంలో ఏడుపు ఉన్నట్టుండి వస్తుంది. సెకన్లో, నిమిషాలో ఉండి పోతుంది. చిన్న కారణానికి పెద్ద ఏడుపు. మధ్యలో మనిషి మామూలుగానే ఉంటాడు. తింటాడు, నిద్రపోతాడు, జోకులేస్తాడు, ఫుట్‌బాల్ స్కోరు అడుగుతాడు. 'ఎందుకేడ్చారు?' అంటే 'ఏమో, వచ్చేసింది' అంటాడు.

డిప్రెషన్‌లో దిగులు రోజంతా, వారాలకొద్దీ ఉంటుంది. కన్నీళ్లు ఉన్నా లేకపోయినా మనిషి మబ్బు పట్టినట్టుంటాడు. అన్నం సయించదు, నిద్ర పట్టదు, ఇష్టమైనవి కూడా రుచించవు. 'నేనెందుకు బతికున్నాను, మీకు బరువు' అనే మాటలొస్తాయి.

మూడోది కూడా ఉంది. దేనిమీదా ఆసక్తి లేకుండా, దిగులూ లేకుండా, గోడకేసి చూస్తూ కూర్చోవడం. దీన్ని 'అపతీ' అంటారు. ఇంట్లోవాళ్లు 'బద్ధకం' అంటారు. చిన్నదానికే మండిపడటం, పళ్లెం విసిరికొట్టడం లాంటివీ స్ట్రోక్ తెచ్చే మార్పులే. ఇవి ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండొచ్చు. ఎమోషనలిజం ఉంది కాబట్టి డిప్రెషన్ లేదని తీర్మానించడం తప్పు. రెండూ ఉన్నాయేమో విడివిడిగా అడగాలి.

డాక్టరు ఏమడుగుతారు?

దీనికి రక్తపరీక్ష లేదు. స్కాన్‌లో దెబ్బతిన్న చోటు కనపడుతుంది కానీ ఏడుపు కనపడదు. అడిగి తెలుసుకోవాల్సిందే. 1989లో బ్రిటిష్ డాక్టర్లు గీసిన గీత ఇప్పటికీ పనికొస్తుంది. స్ట్రోక్‌కు ముందుకన్నా ఏడుపు పెరిగిందా? ముందస్తు సూచన లేకుండా హఠాత్తుగా వస్తోందా? నలుగురిలో ఉన్నా ఆపుకోలేకపోతున్నారా? ఈ మూడింటికీ అవునంటే ఎమోషనలిజం అనుమానించాలి.

మొదటి ప్రశ్న చాలా ముఖ్యం. కొందరు మొదటినుంచీ కన్నీళ్ల మనుషులే. సినిమా చూసినా ఏడ్చే అమ్మ స్ట్రోక్ తర్వాతా ఏడిస్తే అది జబ్బు కాకపోవచ్చు. నలభై ఏళ్లలో భార్య కూడా చూడని కన్నీళ్లు నాన్న కళ్లలో కనపడితే ఆలోచించాలి.

ప్రశ్నపత్రాలూ ఉన్నాయి. 1997 నుంచి వాడుకలో ఉన్న సీఎన్ఎస్-ఎల్ఎస్ స్కేల్‌లో ఏడు ప్రశ్నలు. నవ్వు గురించి నాలుగు, ఏడుపు గురించి మూడు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే లోతుగా చూడాలంటారు. ఆ స్కేల్‌ను మొదట తయారుచేసింది వేరే నరాల జబ్బు రోగుల కోసం. స్ట్రోక్ రోగుల ఏడుపు కోసమే ఈమధ్య బ్రిటన్‌లో 'టియర్స్-క్యూ' అనే ప్రశ్నపత్రం తెచ్చారు. ఏ పత్రమైనా మార్కులు చూసి మందు రాసేయడానికి కాదు, సరిగ్గా అడగడానికి. డిప్రెషన్ కోసం 'పీహెచ్‌క్యూ' ప్రశ్నలు వేరే అడుగుతారు. గత రెండు వారాల్లో దిగులుగా ఉందా, ఏ పని మీదైనా ఆసక్తి పోయిందా అన్న రెండూ వాటిలో మొదటివి.

'బాధగా ఉందా' అంటే ఏ బాధ?

యాంగాన్‌లో డాక్టరు బర్మీస్‌లో అడుగుతారు. రోగి తెలుగులో చెప్తాడు. మధ్యలో కోడలో, మనవరాలో తర్జుమా చేస్తుంది. ఇక్కడే దెబ్బతింటాం.

మన 'బాధ' అన్న మాటకు రెండర్థాలు. ఒంటి నొప్పీ బాధే, మనసు కష్టమూ బాధే. పక్షవాతం వచ్చిన వైపు భుజం విపరీతంగా నొప్పి పెట్టడం మామూలు. 'బాధగా ఉందమ్మా' అని తాత భుజం గురించి అంటే, మనవరాలు దాన్ని బర్మీస్‌లో 'వన్-నే' అని చెప్పిందనుకోండి, అది దిగులైపోతుంది. అసలు నొప్పికి మందు అందదు. దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. తండ్రి 'చచ్చిపోవాలనుంది' అంటే, డాక్టరు ముందు పరువు పోతుందని ఇంట్లోవాళ్లు ఆ మాట మింగేస్తారు. అది మాత్రం ఎన్నడూ మింగకూడని మాట.

అందుకే మాటలు విడదీసి అడగండి. 'ఎక్కడైనా నొప్పిగా ఉందా?' ఒకటి. 'దిగులుగా ఉందా?' ఒకటి. 'ఎవరిమీదైనా బెంగగా ఉందా?' ఒకటి. 'ఊరికే ఏడుపొచ్చేస్తోందా?' ఇంకొకటి. నాలుగూ వేరువేరు. తెలుగూ బర్మీసూ రెండూ బాగా వచ్చిన పెద్దమనిషి ఉంటే, ఇంటి మనిషి బదులు ఆయన్ని తోడు తీసుకెళ్లడం మేలు.

మాట పడిపోయిన రోగికి 'అవును, కాదు' అన్నవి కూడా తారుమారు కావచ్చు. ముందు తెలిసిన ప్రశ్నలతో పరీక్షించండి. 'మనం యాంగాన్‌లో ఉన్నాం కదా?' 'ఇప్పుడు అర్ధరాత్రి కదా?' రెండింటికీ తలూపితే, 'దిగులుగా ఉందా' అన్నప్పుడు ఊపిన తలను కూడా నమ్మలేం. అప్పుడు కళ్లతో చూసిందే సాక్ష్యం. తిండి, నిద్ర, మొహం, మనుషుల్ని చూడగానే వచ్చే స్పందన రాసుకోవాలి.

ఒక నోటుపుస్తకం, ఏడు రోజులు

2021 ఫిబ్రవరి 1 సైనిక తిరుగుబాటు తర్వాత మయన్మార్‌లో వేలమంది డాక్టర్లు, నర్సులు ప్రభుత్వాస్పత్రుల విధులకు దూరమయ్యారు. యాంగాన్ జనరల్ హాస్పిటల్ లాంటి పెద్దాస్పత్రిలోనైనా, ప్రైవేటు క్లినిక్‌లోనైనా డాక్టరు మన ముందు కూర్చునేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలు 'ఏడుస్తున్నాడండీ' అన్న ఒక్క మాటతో అయిపోకూడదు. వారం రోజులు రాసుకుని వెళ్లండి.

ఎప్పుడు వచ్చింది? ఎంతసేపు? అప్పుడేం జరుగుతోంది? ఆపుకోవాలని చూశారా? ఆ తర్వాత ఎలా ఉన్నారు? ఈ ఐదు చాలు. ఉదాహరణకు: 'సోమవారం, పొద్దున 9. రెండు నిమిషాలు. చెల్లెలు ఫోన్. చేత్తో మొహం కప్పుకున్నారు. తర్వాత మొహింగా అడిగి తిన్నారు.' ఇలాంటివి పది ఉంటే డాక్టరుకు సగం పని అయిపోయినట్టే. 'రోజంతా మౌనం. అన్నం రెండు ముద్దలు. రాత్రి నిద్ర లేదు' అని ఉంటే దారి వేరు. రోగి ఒప్పుకుంటే సెల్‌ఫోన్‌లో చిన్న వీడియో తీసి డాక్టరుకు చూపించొచ్చు. దాన్ని ఫ్యామిలీ గ్రూపుల్లో పెట్టకండి. ఎవరు మాత్రం తమ ఏడుపు నలుగురూ చూడాలనుకుంటారు?

వాడుతున్న మందుల పేర్లన్నీ కూడా ఆ పుస్తకంలోనే రాయండి.

మందులేంటి?

మొదటి మందు వివరమే. 'ఇది స్ట్రోక్ వల్ల, నీ పిరికితనం వల్ల కాదు' అని రోగికీ, ఇంటిల్లిపాదికీ తెలిస్తేనే సగం సిగ్గు పోతుంది. ఏడుపు భయంతో పెళ్లిళ్లూ గుడీ మానేసినవాళ్లు మళ్లీ బయటికొస్తారు.

ఇబ్బంది ఎక్కువుంటే సెర్ట్రలిన్, సిటాలోప్రామ్, ఫ్లూవోక్సెటిన్ లాంటి మాత్రలు డాక్టర్లు రాస్తారు. ఇవి డిప్రెషన్ మందులే. 1993లో డెన్మార్క్ డాక్టర్లు సిటాలోప్రామ్‌తో చేసిన చిన్న పరీక్షలో చాలామందికి కొద్ది రోజుల్లోనే ఏడుపు తగ్గింది. అలాగని స్ట్రోక్ వచ్చిన ప్రతివాళ్లకీ ముందుజాగ్రత్తగా వేసేవి కావు. బ్రిటన్‌లో మూడు వేలమందికి పైగా రోగులకు ఆరు నెలలు ఫ్లూవోక్సెటిన్ ఇచ్చి, లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. కాలూ చేయీ కోలుకోవడంలో తేడా లేదు. డిప్రెషన్ కొంత తగ్గింది, ఎముకలు విరగడం మాత్రం పెరిగింది. కాబట్టి అవసరం ఉన్నవాళ్లకే మందు.

ఈ మాత్రలు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచన చేసే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పెద్దవయసువాళ్లలో ఒంట్లో సోడియం తగ్గొచ్చు. ట్రమడాల్ అనే నొప్పి మాత్రతో పడదు. కౌంటర్ మీద అడిగి కొనే మందులు కావివి, హఠాత్తుగా ఆపేసేవీ కావు.

ఇంకో మాట. డెక్స్‌ట్రోమెథార్ఫాన్, క్వినిడిన్ కలిపిన మాత్రకు అమెరికాలో 2010లో ఈ జబ్బు కోసమే అనుమతిచ్చారు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ దగ్గు సిరప్‌లలో ఉండేదే. అలాగని దగ్గు మందు తాగిస్తే ఏడుపు తగ్గదు సరికదా, ప్రమాదం. క్వినిడిన్ గుండె లయను చెడగొట్టగల మందు. ఈ ప్రయోగాలు ఇంట్లో వద్దు.

ఫోన్లో నాన్న ఏడిస్తే

కాల్ కట్ చేయకండి. 'ఏడవకు నాన్నా, ఏడవకు' అని బతిమాలకండి. ఆపమనేకొద్దీ ఏడుపు మీదే ధ్యాస పోయి ఇంకా పెరుగుతుంది. మీరూ ఏడ్చి, పక్కనున్నవాళ్లూ ఏడిస్తే అది చావు కబురులా తయారవుతుంది. గొంతు మామూలుగా ఉంచి ఒక నిమిషం ఆగండి. 'అక్కడ వాన పడుతోందా? టిఫినేం తిన్నారు?' అని మాట మార్చండి. నెమ్మదిగా ఊపిరి తీయమనండి. కూర్చున్న తీరు మార్చుకోమనండి. గ్లాసుడు నీళ్లు చేతికిమ్మని చెప్పండి. సద్దుమణిగాక మధ్యలో ఆగిన మాట మళ్లీ అందుకోండి.

తర్వాత నేరుగా అడగండి. 'నాన్నా, బెంగగా ఉందా, ఊరికే వచ్చేసిందా?' బెంగ అయితే ఒక వేలు, ఊరికే అయితే రెండు వేళ్లు చూపించేలా ముందే అనుకోండి. మాట రానివాళ్లకి కూడా ఇది కొంతవరకు పనిచేస్తుంది.

ఇదే జబ్బు విదేశంలో పనిచేసే చోట మీకో, మీ రూమ్మేట్‌కో కూడా రావచ్చు. స్ట్రోక్ ముసలివాళ్ల సొత్తు కాదు. బీపీ మాత్ర మానేసిన నలభై ఏళ్లవాడికీ వస్తుంది. కోలుకుని పనిలోకొచ్చిన మనిషి ఊరికే ఏడుస్తుంటే 'ఆడంగిలా ఏడుస్తావేంట్రా' అని ఆటపట్టించకండి. క్యాంపు క్లినిక్‌కి తీసుకెళ్లి, స్ట్రోక్ వచ్చిన సంగతి, ఏడుపు సంగతి కలిపి చెప్పండి.

ఇవి ఆగకూడని సందర్భాలు

మొహం ఒకవైపు జారడం, చేయి లేవకపోవడం, మాట ముద్దవడం కొత్తగా కనపడితే అది ఏడుపు మొహం అనుకుని కూర్చోకండి. మళ్లీ స్ట్రోక్ కావచ్చు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు వ్యవధి లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే. ఏడుపు వచ్చినప్పుడు స్పృహ తప్పినా, కళ్లు తేలేసినా, చేయి అదిరినా మూర్ఛ కావచ్చు. చచ్చిపోతానన్న మాట వస్తే మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. అమ్మానాన్నలు ఆంధ్రలోనో, తెలంగాణలోనో ఉన్నవాళ్లు 14416 నంబరు ఇంట్లో రాసి పెట్టించండి. 2022లో మొదలైన ఈ టెలి-మానస్ సేవలో తెలుగులో మాట్లాడొచ్చు.

టికెట్ కొనేముందు

యాంగాన్ నుంచి పనికెళ్లిన పిల్లలకు ఈ లెక్క మరీ కష్టమైంది. మయన్మార్‌లో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని 2024 ఫిబ్రవరిలో అమల్లోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు దాని కిందికొస్తారు. ఆ ఏడే మేలో మగవాళ్లకు విదేశీ పని అనుమతులు ఇవ్వడం ఆపారు. అలాంటి చోటికి వెళ్లినవాడు తిరిగి రాగలడా అన్నది చిన్న ప్రశ్న కాదు. గల్ఫ్‌లో ఒప్పందం మధ్యలో వదిలి విశాఖకో, కరీంనగర్‌కో వెళ్లేవాడికీ అప్పుల లెక్క ఉంటుంది.

తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లొద్దని ఎవరూ చెప్పరు. డిప్రెషన్ ఉందని, తిండి మానేశారని తేలితే వెళ్లాల్సిందే, వెళ్లగలిగితే. కానీ 'నీకోసమే ఏడుస్తున్నాడు' అన్న ఒక్క మాట మీద నిర్ణయం తీసుకోకండి. వారం రోజుల నోటు తెప్పించుకోండి. డాక్టరుతో మాట్లాడించమని అడగండి. ఊరికే వచ్చే ఏడుపని తేలితే, పక్కన కొడుకు కూర్చున్నా ఆ ఏడుపు ఆగదు. దానికి కావాల్సింది వైద్యం. ఆ వైద్యానికి నెలనెలా మీరు పంపే డబ్బూ కావాలి, రోజూ మీరు చేసే ఫోనూ కావాలి.